పట్టుకుంటే రాని నిద్ర

మందు మొదలుపెట్టాక పిల్లవాడు పగలు కుదురుగా కూర్చుంటాడు, ఎత్తుకున్న లెక్క చివరిదాకా చేస్తాడు, కానీ రాత్రి ఒంటిగంట దాటినా కన్ను మూయడు. ధ్యాస నిలవకపోవడం, చంచలత్వం లక్షణాలుగా ఉండే ఏడీహెచ్‌డీ ఉందని తేలి మిథైల్‌ఫెనిడేట్ లాంటి స్టిమ్యులెంట్ (ఉత్తేజక) మందు వాడుతున్న ఇళ్లలో, అది మిర్యాలగూడ అయినా హైదరాబాద్ అయినా, తరచుగా ఎదురయ్యే చిక్కు ఇది. ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్లకూ ఇదే అనుభవం. దీన్ని డాక్టరు చూసుకోవలసిన సంగతిగానే చూస్తాం. కానీ దీని అడుగున ఒక ధర్మసందేహం ఉంది. పగటి ఏకాగ్రత కోసం రాత్రి నిద్రను వదులుకోవచ్చా? అలా వదులుకోవడం తపస్సా, నష్టమా? ఇంట్లోవాళ్లు తమకు తెలియకుండానే ఈ సందేహానికి ఏదో ఒక జవాబు చెప్పుకుంటారు. డాక్టరు దగ్గర ఏం చెప్పాలో, ఏం మింగేయాలో ఆ జవాబును బట్టే తేలుతుంది. సాధించాలంటే ఆ మాత్రం కష్టం తప్పదని కొందరు ఓర్చుకుంటారు. నిద్ర చెడగొట్టే మందు మంచిదెట్లా అవుతుందని కొందరు మాత్రలు అవతల పారేస్తారు. రెండు జవాబులూ తప్పేనని నా వాదన. నిద్ర ఏకాగ్రతకు చెల్లించే మూల్యం కాదు. పైగా అది ప్రయత్నానికి లొంగేది కూడా కాదు. మనం చేయగలిగిందల్లా దానికి చోటు చేయడం. ఆ చోటు చేయడం మన బాధ్యత అని మనకున్న మతాలూ దర్శనాలూ చాలా స్పష్టంగానే చెప్పాయి.

ముందు శరీరంలో ఏం జరుగుతోందో చూడాలి, ఎందుకంటే నింద ఎవరి మీద వేయాలన్నది అక్కడే తేలాలి. మిథైల్‌ఫెనిడేట్‌ను స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో లియాండ్రో పానిజోన్ అనే రసాయన శాస్త్రవేత్త 1944లో తయారుచేశాడు. అంతకు ముందే 1937లో అమెరికా వైద్యుడు చార్లెస్ బ్రాడ్లీ, బెంజెడ్రిన్ అనే మరో ఉత్తేజక మందు ఇచ్చిన పిల్లలు చదువు మీద నిలకడగా కూర్చున్నారని రాశాడు. ఆ బెంజెడ్రిన్‌నే రెండో ప్రపంచయుద్ధంలో సైనికులను నిద్రపోకుండా ఉంచడానికి వాడారు. అంటే ఈ మందుల వంశంలోనే మెలకువ ఉంది. మెదడులో డోపమైన్, నోరాడ్రినలిన్ అనే రసాయనాలు విడుదలయ్యాక మళ్లీ కణంలోకి వెనక్కి పోకుండా మిథైల్‌ఫెనిడేట్ ఆపుతుంది. మామూలు మాత్ర పని మూడు నాలుగు గంటలు, నెమ్మదిగా విడుదలయ్యే రకం ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. పిల్లల మీద జరిగిన కొన్ని పరీక్షలను కలిపి లెక్కగట్టి 2015లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన విశ్లేషణ, ఈ మందులతో నిద్రపట్టే సమయం పెరుగుతోందనీ మొత్తం నిద్ర తగ్గుతోందనీ తేల్చింది. అయితే కథ ఇంతటితో అయిపోదు. ఏ మందూ వాడని ఏడీహెచ్‌డీ వాళ్లలో కూడా చాలామందికి ఒంట్లోని గడియారమే ఆలస్యంగా నడుస్తుంది. నిద్రకు సూచన ఇచ్చే మెలటోనిన్ ఇతరులతో పోలిస్తే పెద్దవాళ్లలో గంటన్నర దాకా ఆలస్యంగా పెరగడం పరిశోధనల్లో కనబడింది. ఇంకో సంగతి, మందు పని అయిపోయే వేళ చంచలత్వం మునుపటికంటే ఎక్కువగా తన్నుకురావడం ఉంది. అలాంటివాళ్లను నిద్రకు దూరం చేసేది మందు కాదు, మందు దిగిపోవడం. కనుక "మందు వల్లే" అన్న ఒక్క మాట కింద మూడు వేరువేరు కారణాలు దాక్కుని ఉన్నాయి. ఒకరికి మాత్ర వేళ ముందుకు జరపాలి, ఒకరికి మోతాదు మార్చాలి, ఒకరికి పొద్దున లేచే వేళను కచ్చితం చేయాలి. ఏది ఎవరికన్నది ఓర్చుకున్నందువల్లా తెలియదు, పారేసినందువల్లా తెలియదు.

ఓర్చుకోవడం గొప్ప అనిపించే వాతావరణం మన దగ్గర బలంగా ఉంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లతో వరి పండి, ఆ వరితో రైస్ మిల్లులు లేచి, ఆ రాబడితో పిల్లల చదువుల మీద ఆశ పెంచుకున్న ప్రాంతం ఇది. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ఇళ్లలో ఇంటర్మీడియట్ అంటే చాలాసార్లు హైదరాబాద్‌కో విజయవాడకో పంపే రెసిడెన్షియల్ కాలేజీ. అక్కడ తెల్లవారకముందే లేపడం, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్స్. అష్టావధానాన్ని కళగా పూజించిన జాతి మనది, ధ్యాస నిలవనివాడు మన కళ్లకు ఊరికే చులకన అవుతాడు. అలాంటివాడికి మందుతో ధ్యాస నిలిచి, పైగా రాత్రి మెలకువ కూడా దొరికితే, తల్లిదండ్రులకు అది రెండు వరాల్లాగా తోస్తుంది. నిద్రపోని గంటలు చదువుకు కలిసొచ్చిన గంటలు అనుకుంటారు. ఈ లెక్క ఎందుకు తప్పో మన ఆడవాళ్ల పాటలు ఎప్పుడో చెప్పాయి. వనవాసంలో లక్ష్మణుడు పద్నాలుగేళ్లు కన్నుమూయలేదని మనం మెచ్చుకుంటాం. ఊర్మిళాదేవి నిద్ర అనే పాట ఆ మెచ్చుకోలు దగ్గర ఆగకుండా, ఆ నిద్ర ఎటు పోయిందని అడుగుతుంది. అయోధ్యలో లక్ష్మణుడి భార్య ఊర్మిళ ఆ పద్నాలుగేళ్లూ పడుకునే ఉంది. వదిలేసిన నిద్ర మాయం కాదు, ఎవరో ఒకరు దాన్ని మోయాలి. లక్ష్మణదేవర నవ్వు పాటలోనైతే పట్టాభిషేకం నాటి నిండుసభలోకి నిద్ర మళ్లీ వచ్చి నిలబడుతుంది. మామూలు పిల్లవాడికి ఊర్మిళ లేదు. వాడి అప్పు వాడి ఒంటిమీదే పడుతుంది. నిద్ర చాలని మెదడులో మొదట దెబ్బతినేది ధ్యాస, ఓపిక, జ్ఞాపకం. అంటే మందు దేన్ని కుదర్చడానికి వచ్చిందో, నిద్రలేమి దాన్నే మళ్లీ చెదరగొడుతుంది. ఆ చెదిరినదాన్ని చూసి మోతాదు పెంచితే రాత్రి ఇంకా కుంచించుకుపోతుంది. ఈ సుడిలో పడ్డ ఇల్లు తాము తపస్సు చేస్తున్నామనుకుంటూనే మందు ఫలాన్ని పోగొట్టుకుంటుంది.

నిద్ర వదులుకోకూడదన్న ఈ మాటకు మత గ్రంథాల నుంచే ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది. భగవద్గీత పద్నాలుగో అధ్యాయం నిద్రను సోమరితనంతో, ఏమరుపాటుతో కలిపి తమోగుణం కింద చేర్చింది కదా? అర్జునుణ్ణి నిద్రను గెలిచినవాడని పిలిచింది కదా? లోకానికి రాత్రి అయినది జ్ఞానికి మెలకువ అని రెండో అధ్యాయం అంది కదా? ఈ మూడింటిలో చివరిదానికి జవాబు సులువు. శంకరులు దాన్ని పరమార్థజ్ఞానానికీ అజ్ఞానానికీ ఉన్న తేడాగా వివరించారు, గడియారంలో గంటల గురించిన మాటగా కాదు. మొదటిది ఆలోచించదగ్గదే. తమస్సు కింద గీత చెప్పిన నిద్ర, చేయవలసిన పనిని కమ్మేసే నిద్ర. ఎందుకంటే ఆరో అధ్యాయంలో యోగి దినచర్య చెప్పేచోట అదే గ్రంథం, మరీ నిద్రపోయేవాడికే కాక అసలే మేల్కొని ఉండేవాడికీ యోగం కుదరదని తేల్చేసింది. తిండి, నడక, పని, నిద్ర, మెలకువ అన్నీ తగిన పాళ్లలో ఉన్నవాడికే యోగం దుఃఖం పోగొడుతుందంది. అర్జునుడి బిరుదు ఏదైనా, అర్జునుడికి ఉపదేశించింది ఇది.

ఈ తూకాన్ని బౌద్ధం మరింత నిక్కచ్చిగా చూసింది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద శాతవాహనుల, ఇక్ష్వాకుల నాటి భిక్షువులు నివసించిన విహారం శిథిలాలు ఉన్నాయి. వాళ్లు పాటించిన మార్గంలో ధ్యానానికి అడ్డుపడే ఐదు ఆవరణల జాబితా ఒకటుంది. అందులో మందకొడితనం, మగత కలిపి ఒక అడ్డంకి అయితే, చిత్తం ఎగిరెగిరి పడటం, తప్పు చేశానన్న పీడ కలిపి ఇంకో అడ్డంకి. ఒకదాన్ని పోగొట్టుకోవడానికి ఇంకోదాన్ని తెచ్చుకున్నవాడు అడ్డంకిని మార్చుకున్నాడే కాని దాటలేదు. మెలకువను సాధనగా చేసే భిక్షువుకు కూడా బుద్ధుడు రాత్రి మొదటి జాము, చివరి జాము నడకకూ ధ్యానానికీ ఇచ్చి, నడి జాము కుడిపక్కకు ఒరిగి నిద్రపొమ్మన్నాడు. మేలుకోవడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లకే నడి జాము మినహాయింపు ఉంటే, పరీక్షకు చదివే పదిహేడేళ్ల పిల్లకు ఉండదా?

జాగారం సంగతి అడగకుండా ఉండలేరు. మేళ్లచెరువు శంభులింగేశ్వరుడి దగ్గర మహాశివరాత్రికి వేలమంది తెల్లవార్లూ మేల్కొంటారు. రంజాన్ చివరి రోజుల్లో షబేఖదర్ రాత్రి మసీదుల్లో నమాజుతో తెల్లవారుతుంది. మేల్కొనడం పవిత్రం కాకపోతే ఇవన్నీ ఏమిటి? పవిత్రమే, సందేహం లేదు. కానీ జాగారానికి ముందు సంకల్పం ఉంటుంది, మర్నాడు పారణ ఉంటుంది. ఒక రాత్రి అని తెలిసి, ఇష్టపడి, ఊరంతా కలిసి చేసే పని అది. మందు తెచ్చిపెట్టిన మెలకువకు సంకల్పం లేదు, ముగింపు తెలియదు, తోడు లేదు. ఇల్లంతా గుర్రుపెడుతుంటే ఒక్కరే చీకట్లో ఫ్యాను వైపు చూస్తూ పడుకునే రాత్రికి వ్రతం పేరు పెట్టడం, బాధలో ఉన్నవాళ్లకు సాయం అడిగే దారి మూసేయడమే. ఇస్లాం సంప్రదాయంలో దీనికి సూటి ఉదాహరణ ఉంది. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు చేస్తున్న అబ్దుల్లా ఇబ్న్ అమ్ర్ అనే యువకుణ్ణి ప్రవక్త పిలిచి, ఒంటికీ కంటికీ కూడా అతని మీద హక్కు ఉందని మందలించినట్టు బుఖారీ హదీసు చెబుతుంది. భక్తి కోసం కూడా కొట్టేయకూడని హక్కు అది. జానపహాడ్ దర్గాకు హిందువులూ ముస్లింలూ కలిసి వెళ్లే ఈ ప్రాంతంలో ఆ హక్కును గుర్తించడానికి మతం అడ్డు రాదు. చరకుడు నిద్రను ఆహారంతో పాటు దేహాన్ని నిలబెట్టే మూడు ఊతాల్లో చేర్చాడు, ఆపకూడని పదమూడు వేగాల్లోనూ లెక్కించాడు. వైద్యం, ధర్మం ఇక్కడ ఒకే మాట మీద ఉన్నాయి.

అయినా ఇది ఆరోగ్యం లెక్కతో ముగిసిపోయే విషయం కాదు. గాఢనిద్ర గురించి ఉపనిషత్తులు చెప్పినది ఈ పిల్లల విషయంలో నన్ను మిగతా వాటన్నిటికంటే ఎక్కువ కదిలిస్తుంది. మాండూక్యం మెలకువ, కల, సుషుప్తి అని అవస్థలను విడదీసి, సుషుప్తిలో కోరికా కలా లేని ఆనందమే ఉందంటుంది. ఛాందోగ్యం, ఆ వేళ జీవుడు తన మూలమైన సత్తులో కలిసిపోతాడంటుంది. బృహదారణ్యకం ఇంకా ముందుకు వెళ్లి, అక్కడ తండ్రి తండ్రి కాడు, దొంగ దొంగ కాడు, లోకం కిందికి తోసిన కులంవాడు ఆ కులంవాడు కాడు అంటుంది. ఏడీహెచ్‌డీ ఉన్న మనిషి జీవితాన్ని దీని పక్కన పెట్టి చూడండి. పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరు వాడి ధ్యాసను కొలుస్తూనే ఉంటారు. పెన్ను మరిచిపోయినందుకు టీచర్, పిలిస్తే పలకనందుకు అమ్మ, పని సగంలో వదిలినందుకు మేనేజర్. మందు ఆ కొలతలో నెగ్గడానికి సాయపడుతుంది కాని, కొలత ఆగదు. రోజు మొత్తంలో ఎవరూ ధ్యాస అడగని చోటు, వాడు "ధ్యాస లేనివాడు" కాకుండా పోయే చోటు గాఢనిద్ర ఒక్కటే. ఆ కాసిని గంటలు తీసేస్తే విశ్రాంతి ఒక్కటే పోదు, తీర్పు లేని ఆ ఒక్క ఇల్లు కూడా పోతుంది. దాన్ని పిల్లలకు కాపాడి పెట్టవలసిన బాధ్యత పెద్దలదే.

ఇంత చెప్పాక రెండోవైపువాళ్లు గొంతు పెంచుతారు: అయితే మందే మానేయండి, ధ్యానంతో, ప్రాణాయామంతో, క్రమశిక్షణతో ధ్యాస తెచ్చుకోండి, మాత్రతో వచ్చిన ఏకాగ్రత నాదెట్లా అవుతుంది అని. ఈ ఆక్షేపణలో నిజాయితీ ఉంది. కానీ పతంజలి యోగసూత్రాల నాలుగో పాదం మొదట్లోనే, సిద్ధులు పుట్టుకతో, మంత్రంతో, తపస్సుతో, సమాధితో వచ్చినట్టే ఔషధంతో కూడా వస్తాయని లెక్కించింది. మందుతో వచ్చిన శక్తి దొంగసొమ్ము అని ఆయన అనలేదు. కాస్త తర్వాత మాత్రం ధ్యానం నుంచి పుట్టిన చిత్తానికే వాసనల శేషం ఉండదని ఒక తేడా చూపించాడు. నా మటుకు నేను దీన్నిట్లా అర్థం చేసుకుంటాను: మందు సామర్థ్యాన్ని ఇస్తుంది, దాంతో పాటు ఏదో ఒక మిగులును కూడా వదులుతుంది, ఆ మిగులును చూసుకోవడం వాడేవాడి పని. చెదిరే మనసుతో పుట్టినవాడికి ముందు పావుగంట కూర్చోగలిగే శక్తి ఉంటే కదా ధ్యానం మొదలయ్యేది. మట్టపల్లిలో కృష్ణ స్నానం చేసి నరసింహస్వామికి దీక్షగా ప్రదక్షిణలు చేసేవాళ్లను ఎవరూ కాదనక్కర్లేదు. ఆ దీక్షా ఈ మాత్రా ఒకదాన్నొకటి వెళ్లగొట్టుకోవు.

ఇక అసలు చిక్కుముడికి వద్దాం. మిగతా కారణాలన్నీ సర్దినా, స్టిమ్యులెంట్ వాడే కొందరికి నిద్ర ఎందుకు రాదంటే, వాళ్లు దాన్ని పట్టుకోవడానికి ప్రయత్నిస్తారు కనుక. పగలంతా మందు సాయంతో నేర్చుకున్నది ఒకటే: మనసును ఒక పని మీద పెట్టి వదలకుండా ఉండటం. రాత్రి అదే పట్టును నిద్ర మీద పెడతారు. ఎన్ని గంటలయింది, ఇంకెంత మిగిలింది, రేపు పరీక్ష అని లెక్కపెడతారు. శ్రీవైష్ణవంలో శరణాగతి మీద జరిగిన పాత వాదం ఇక్కడ నాకు చాలా పనికొచ్చింది. వడగలై శాఖవారు కోతిపిల్లను చూపిస్తారు, అది తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకోవాలి. తెంగలై శాఖవారు పిల్లికూనను చూపిస్తారు, అది ఏమీ చేయదు, తల్లే మెడ పట్టి మోసుకుపోతుంది. మోక్షం విషయంలో ఎవరు సరి అన్నది పండితులకు వదిలేద్దాం. మెలకువ, నిద్రల విషయంలో మాత్రం రెండూ సరే: ధ్యాస కోతిపిల్లది, నిద్ర పిల్లికూనది. ఒకదాని నియమాన్ని రెండోదాని మీద రుద్దితే రెండూ చెడతాయి. నిద్రలేమికి వైద్యులు వాడే పద్ధతి కూడా ఇదే దారిలో నడుస్తుంది. రిచర్డ్ బూట్‌జిన్ 1972లో ప్రతిపాదించిన నియమం ప్రకారం నిద్ర పట్టకపోతే పక్క మీద పెనుగులాడకుండా లేచి వేరే గదిలోకి పోవాలి, మగత వచ్చాకే తిరిగి పడుకోవాలి, రాత్రి ఎట్లా గడిచినా పొద్దున ఒకే వేళకు లేవాలి. నిద్ర కోసం జపం చేయడంలోనూ ఇదే తిరకాసు ఉంది. నిద్ర రావాలని చేసే జపం మళ్లీ పనే అవుతుంది, రాలేదని మధ్యమధ్య చూసుకుంటారు. జపం జపం కోసమే చేస్తే, ఆపై నిద్ర వచ్చినా రాకపోయినా ఆ రాత్రి ఓడిపోయినట్టు కాదు.

పిల్లికూనలా ఏమీ చేయకపోవడమంటే నిర్లక్ష్యం కాదని కూడా చెప్పాలి, తల్లి వచ్చే తోవలో అడ్డం పడుకుని ఉండకూడదు కదా. ఆ అడ్డాలు ఏమిటో వాడేవాళ్లకు తెలిసినవే. మందు పగటి ఆకలిని చంపుతుంది. మధ్యాహ్నం బాక్స్ అలాగే తిరిగొస్తుంది, రాత్రి పదింటికి ఒక్కసారి ఆకలి మీద పడుతుంది, నిండు కడుపుతో పక్క ఎక్కుతారు. అందుకే మాత్రకు ముందే పొద్దున గట్టిగా తినిపించాలి, సాయంత్రం కొంత పెట్టాలి. టీలో కెఫీన్ సగం తగ్గడానికే ఐదు గంటల పైన పట్టవచ్చు, ఆరింటి టీ పదకొండింటికి కూడా ఒంట్లో ఉంటుంది. కోతల కాలంలో మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరితే, మిల్లులోనో రవాణాలోనో షిఫ్టు పని చేసే పెద్దవాళ్ల నిద్రవేళలు తారుమారవుతాయి. మాత్ర వేళ కూడా దాంతో పాటు మారాలా అన్నది డాక్టరుతో ముందే మాట్లాడుకోవలసిన విషయం. రంజాన్ ఉపవాసాలకూ అంతే. వీటన్నిటికంటే ప్రమాదం, పగటి మందుకు విరుగుడుగా రాత్రి మరో మత్తు. తెలంగాణలో కల్తీకల్లులో అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కేసులు ఎన్నో బయటపడ్డాయి. మత్తు మాత్రలు ఎవరో ఇచ్చారని వేసుకునేవాళ్లూ ఉన్నారు. అట్లా వచ్చేది ఉపనిషత్తు చెప్పిన సుషుప్తి కాదు, వైద్యం చెప్పే ఆరోగ్యకరమైన నిద్రా కాదు. మానలేని ఇంకో అలవాటుకు అది మొదలు.

చిన్న ఊళ్లలో మౌనంగా ఓర్చుకోవడానికి ఇంకో కారణం ఉంది, అది పూర్తిగా లౌకికమైనది. మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు. అమ్మే దుకాణానికి వేరే లైసెన్సు ఉండాలి, చీటీ రెండు ప్రతుల్లో ఉండాలి, ఒక ప్రతిని దుకాణం రెండేళ్లు దాచాలి. కనుక ప్రతి మెడికల్ షాపులో ఇది దొరకదు. 2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు షెడ్యూల్ ఎక్స్ మందులను ఫోన్ మీద రాయడాన్ని నిషేధించాయి. దీంతో మోతాదు మార్చుకోవాలంటే మళ్లీ ప్రయాణం, మళ్లీ ఒక రోజు కూలి, మళ్లీ సెలవు. అంత తతంగం ఎందుకని నిద్రలేమి గురించి నోరు మెదపని వాళ్లను తప్పుపట్టలేం. కానీ మందు రాయడానికి ఉన్న నిషేధం మాట్లాడటానికి లేదు. నిద్ర పట్టడం లేదని, ఏ వేళకు మాత్ర వేస్తున్నామో, ఏ వేళకు కన్ను మూస్తున్నాడో రెండు వారాలు రాసి పెట్టుకున్న కాగితం చూసి, డాక్టరుకు ఫోన్‌లో చెప్పవచ్చు. ప్రభుత్వ టెలీమానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడుతుంది. నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. ముందు వాటి ఆసుపత్రుల మానసిక వైద్య విభాగాల్లో అడగవచ్చు, హైదరాబాద్ ప్రయాణం ఆ తర్వాతి సంగతి. స్టిమ్యులెంట్ పడనివాళ్లకు అటమాక్సెటిన్ లాంటి వేరే తరగతి మందులూ ఉన్నాయి, అది పడుతుందా లేదా చెప్పేది కూడా డాక్టరే. ఇక హాస్టల్లో ఉన్న పిల్లల విషయంలో, తెల్లవారుజాము బెల్లు వాళ్ల చేతిలో లేదు. మందు చీటీ చూపించిన పిల్లవాణ్ణి ఇంకో గంట పడుకోనివ్వమని అడిగితే వార్డెన్ దాన్ని సోమరితనం అనవచ్చు. ఆ మాటకు వెనక్కి తగ్గకుండా రెండోసారి కూడా అడగవలసింది తల్లిదండ్రులే. లేకపోతే ఆ పిల్లవాడికి మందు రాసిన డాక్టరు, లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు రాసి ఇవ్వాలి.